ప్రైమేట్ల దృష్టి వల్కలాన్ని పటంగా గీసి నేర్చుకోవడం: ఒక సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో వైద్యమో, మనస్తత్వశాస్త్రమో, కాగ్నిటివ్ సైన్సో చదివే విద్యార్థులు దృష్టి వల్కలం, అంటే తరగతిలో విజువల్ కార్టెక్స్ అని వినే భాగం, దగ్గరికి వచ్చేసరికి చాలావరకు అందులోని ప్రాంతాల పేర్ల జాబితాతో మొదలుపెడతారు: వి1 అంచులను చూస్తుంది, వి4 రంగులను చూస్తుంది, ఎమ్‌టి కదలికను చూస్తుంది. ఆ జాబితా అబద్ధమేమీ కాదు గానీ, దానితో జరిగే పని తక్కువ. పక్షవాతం వచ్చిన మనిషి ఎడమవైపు కింద ఏమీ కనిపించడం లేదని చెప్పినప్పుడు దెబ్బ ఎక్కడ తగిలిందో అది చెప్పదు. వి2 ఎక్కడ ముగిసి వి3 ఎక్కడ మొదలవుతుందో శాస్త్రవేత్తలకు ఎలా తెలిసిందో కూడా చెప్పదు. ముందు చూపు క్షేత్రం, తర్వాత అది వల్కలం మీద పరుచుకునే పటం, ఆ తర్వాత పొరలూ స్తంభాలూ, అన్నిటికంటే చివర పేర్లు: నేర్చుకోవలసిన వరుస ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక పెద్ద తెల్లకాగితం, నాలుగు రంగుల పెన్సిళ్ళు దగ్గర పెట్టుకోండి. కింది వివరాల్లో అధికభాగం రీసస్ కోతి మెదడును పరిశీలించగా తెలిసినవి. రీసస్ కోతీ, దాని దగ్గరి బంధువైన బోనెట్ కోతీ మన గుళ్ళ దగ్గరా గుట్టల మీదా తరచూ కనిపించేవే. వాటికీ మనకూ కళ్ళు రెండూ ముందుకే చూస్తాయి, రెటీనా నడుమ సూక్ష్మమైన చూపు కోసం ఫోవియా ఉంటుంది, వల్కలంలో తొలి ప్రాంతాల అమరిక చాలా దగ్గరగా ఉంటుంది. తేడా ఉన్నచోట ఆ సంగతి విడిగా చెబుతాను.

మొదటి మెట్టు: చూపు క్షేత్రాన్ని నాలుగు భాగాలు చేయండి

గుల్జార్ హౌజ్ వైపు నుంచి, అంటే ఉత్తరం నుంచి, చార్మినార్‌కు ఎదురుగా నిలబడ్డారనుకుందాం. ఆ ముఖం మీద 1889లో అమర్చిన గడియారం నడిమధ్యన చూపు నిలిపారు. కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టి దాన్నే గడియారం అనుకోండి. దాని గుండా ఒక నిలువు గీత, ఒక అడ్డగీత గీయండి. ఎడమ పైభాగంలో ఎడమ మినార్ కొస, కుడి పైభాగంలో కుడి మినార్ కొస, కింద ఎడమన రోడ్డు మీద నడిచే జనం, కింద కుడివైపు లాడ్‌బజార్‌కు తిరిగే దారి పడతాయి. ఒక్కో భాగానికి ఒక్కో రంగు వేయండి. చివరిదాకా ఈ నాలుగు రంగులనే వాడాలి.

ఇక దూరాలను మీటర్లలో కాక డిగ్రీల్లో కొలవడం అలవాటు చేసుకోవాలి. చేయి పూర్తిగా చాచినప్పుడు బొటనవేలి వెడల్పు దాదాపు 2 డిగ్రీలు, పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు ఉంటుంది. చార్మినార్ ఒక్కో పక్క సుమారు 20 మీటర్లు కాబట్టి, నూరు మీటర్ల దూరం నుంచి చూస్తే ముందువైపు మినార్లు రెండూ నిలువు గీతకు చెరొకవైపు ఇంచుమించు 6 డిగ్రీల దూరంలో ఉంటాయి. ఈ అంకెతో మూడో మెట్టులో పని పడుతుంది.

రెండో మెట్టు: కంటి నుంచి వల్కలం దాకా దారి

ఎడమ కన్ను కుడి మెదడుకు, కుడి కన్ను ఎడమ మెదడుకు సమాచారం పంపుతాయన్నది చాలామందిలో పాతుకుపోయిన పొరపాటు. ప్రైమేట్లలో, అంటే కోతులూ మనుషులూ చేరే జీవవర్గంలో, విడిపోయేది కళ్ళు కాదు, చూపు క్షేత్రం. ఎడమ మినార్ నుంచి వచ్చే వెలుగు రెండు కళ్ళలోనూ రెటీనా కుడి సగం మీదే పడుతుంది. ఎడమ కంటిలో ఆ సగం ముక్కువైపు ఉంటుంది, కుడి కంటిలో కణతవైపు ఉంటుంది. ముక్కువైపు సగం నుంచి వచ్చే పోగులు, రెండు కళ్ళ నరాలూ కలుసుకునే ఆప్టిక్ కయాజమ్ దగ్గర అవతలి పక్కకు దాటుతాయి, కణతవైపువి దాటవు. ఈ ఏర్పాటు వల్ల రెండు కళ్ళు చూసిన ఎడమ మినార్ కుడి అర్ధగోళానికే చేరుతుంది. మనిషిలో ఒక్కో ఆప్టిక్ నరంలో పది లక్షలకు పైగా పోగులు ఉంటాయి, వాటిలో సగం కంటే కాస్త ఎక్కువ దాటుతాయి.

తర్వాతి మజిలీ మెదడు లోతులో ఉండే థలామస్‌లోని లేటరల్ జెనిక్యులేట్ న్యూక్లియస్, వాడుకలో ఎల్‌జీఎన్. దీనికి ఆరు ప్రధాన పొరలు. 1, 2 పొరల్లో పెద్ద కణాలు ఉంటాయి, వీటిది మాగ్నో దారి. 3 నుంచి 6 వరకు చిన్న కణాలు, వాటిది పార్వో దారి. పొరల సందుల్లో ఇంకా చిన్నవైన కోనియో కణాలు ఉంటాయి. మాగ్నో కణాలు మసకగా ఉన్నా వేగంగా మారే వాటికి చప్పున స్పందిస్తాయి. పార్వో కణాలు సూక్ష్మ వివరాలను, ఎరుపు ఆకుపచ్చల తేడాను మోస్తాయి, కోనియో కణాలు ఎక్కువగా నీలం పసుపుల తేడాను మోస్తాయి. రెండు కళ్ళ సమాచారం ఒకే వైపు చేరినా ఇక్కడ ఇంకా కలిసిపోదు: 1, 4, 6 పొరలు అవతలి కంటివి, 2, 3, 5 పొరలు ఇవతలి కంటివి. ఈ అంకెలు కాగితం అంచున రాసి పెట్టుకోండి.

మూడో మెట్టు: వి1 మీద పటాన్ని పరచండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, ఎక్కువ సమయం కూడా ఇక్కడే కేటాయించాలి. 1776లో పార్మాలో వైద్యం చదువుతున్న ఫ్రాంచెస్కో జెన్నారి గడ్డకట్టించిన మెదడును కోసి చూస్తూ, వెనుక భాగంలో బూడిదరంగు వల్కలం మధ్యగా సాగే ఒక తెల్లని చారను గమనించాడు. సూక్ష్మదర్శిని లేకుండానే కనిపించే ఆ చార ఎంతవరకు ఉంటుందో, వి1, అంటే ఎల్‌జీఎన్ పోగులు చేరే తొలి వల్కల ప్రాంతం, కూడా అంతవరకే ఉంటుంది. వల్కలంలో ఒక ప్రాంతపు సరిహద్దును ఇంత స్పష్టంగా కంటితో చూడగలిగే చోట్లు అరుదు.

చూపు క్షేత్రానికీ ఈ ప్రాంతానికీ మధ్య పొంతన యుద్ధాల్లో గాయపడిన సైనికుల వల్ల తెలిసింది. 1904-05 నాటి రష్యా-జపాన్ యుద్ధంలో తల వెనుక నుంచి తూటాలు దూసుకుపోయినా బతికి బయటపడిన సైనికులను తత్సుజి ఇనోయే అనే జపాన్ కంటి వైద్యుడు పరీక్షించి, తూటా దారినీ చూపులో ఏర్పడిన ఖాళీనీ పోల్చి, 1909లో ఒక పటం ప్రచురించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నాడీవైద్యుడు గోర్డన్ హోమ్స్ ఆ పనిని ఇంకా విస్తృతంగా చేశాడు. ఆ పటాన్ని మీ కాగితం మీద ఇలా గీయండి.

కుడి అర్ధగోళం లోపలి ముఖం మీద, వెనుక కొస నుంచి ముందుకు సాగే కాల్కరైన్ గాడిని ఒక అడ్డగీతగా గీయండి. గాడికి పై గట్టు ఒకటి, కింది గట్టు ఒకటి. చూపు క్షేత్రంలోని అడ్డగీత గాడి అడుగున పడుతుంది. క్షేత్రం ఎడమ పైభాగం కింది గట్టు మీద, ఎడమ కిందిభాగం పై గట్టు మీద పరుచుకుంటాయి. అంటే ఎడమ మినార్ కొసకు వేసిన రంగు కింది గట్టుకు, ఎడమవైపు జనానికి వేసిన రంగు పై గట్టుకు వేయాలి. నిలువు గీత వి1 బయటి అంచు వెంట పడుతుంది. చూపు నిలిపిన చుక్క, అంటే గడియారం, మెదడు వెనుక కొస దగ్గర ఉంటుంది. క్షేత్రపు అంచులు గాడిలో ముందుకు పోతాయి.

ఇప్పుడు కొలతలు వేయాలి. ఎక్కువమంది తప్పు గీసేది ఇక్కడే, ఎందుకంటే చూపు క్షేత్రంలోని ప్రతి డిగ్రీకీ వల్కలంలో సమానమైన చోటు దొరకదు. మనిషిలో చూపు మధ్య నుంచి 10 డిగ్రీల లోపు భాగానికే వి1లో ఇంచుమించు సగం పోతుంది. మనం వేసిన లెక్క ప్రకారం చార్మినార్ మినార్లు 6 డిగ్రీల దగ్గర ఉన్నాయి కాబట్టి, గడియారం నుంచి మినార్ల వరకు ఉన్న ఆ కాస్త భాగం వి1లో పెద్ద వాటాను ఆక్రమిస్తుంది, దుకాణాలతో సహా చుట్టూ కనిపించే మిగతాదంతా మిగిలిన చోటులో సర్దుకోవలసి వస్తుంది. దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు: బస్టాప్‌లో దూరంగా వస్తున్న ఆర్టీసీ బస్సు నంబరు మీద చూపు నిలిపితే అది తేలిగ్గా చదవగలుగుతారు, చూపును ఒక పిడికిలి వెడల్పు పక్కకు జరిపి, కన్ను కదపకుండా అదే నంబరును చదవాలని చూస్తే బస్సు ఉందని తెలుస్తుంది గానీ అంకె తెలియదు. బోర్డు కొలత మారలేదు, దానికి దక్కిన వల్కలం తగ్గింది. రెటీనాలోనే అంచుల వైపు గాంగ్లియాన్ కణాలు, అంటే మెదడుకు సమాచారం పంపే కణాలు, పలచబడటం ఇందుకు ఒక కారణం. వల్కలం ఆ అసమానతను నిలుపుకోవడమే కాక కొంత పెంచుతుంది కూడా.

మనిషి వి1 ఒక్కో అర్ధగోళంలో సగటున సుమారు 25 చదరపు సెంటీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. మనిషికీ మనిషికీ మధ్య ఈ వైశాల్యం రెండింతల దాకా మారవచ్చు. మనలో అది ఎక్కువగా గాడి లోపల దాగి ఉంటుంది. రీసస్ కోతిలో మాత్రం మధ్యచూపుకు సంబంధించిన భాగం మెదడు వెనుక బయటి ఉపరితలం మీద నునుపుగా పరచి ఉంటుంది, వల్కలం మొత్తంలో వి1 వాటా కూడా మనిషిలో కంటే చాలా ఎక్కువ.

నాలుగో మెట్టు: వి1 లోతుకు దిగండి

ఇప్పటిదాకా ఉపరితలం చూశాం. ఇక అదే కాగితం మీద ఒక మూలన వి1 నిలువుకోతను గీసి, దాన్ని ఆరు పొరలుగా విభజించండి. నాలుగో పొర ప్రైమేట్లలో మందంగా ఉంటుంది, అందుకే 4ఎ, 4బి, 4సి అని, 4సిని మళ్ళీ ఆల్ఫా, బీటా అని విడగొడతారు. జెన్నారి చూసిన చార 4బిలో ఉంది. మాగ్నో పోగులు 4సి ఆల్ఫాలోకి, పార్వో పోగులు 4సి బీటాలోకి, కోనియో పోగులు ఇంకా పైకి, 2, 3 పొరల్లోని చుక్కల్లాంటి గుంపుల్లోకి వస్తాయి. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముకు రంగు వేస్తే ఆ గుంపులు ముదురుగా కనబడతాయి. వాటిని బ్లాబ్‌లు అంటారు. బయటకు వెళ్ళే దారులనూ గుర్తించండి: 2, 3 పొరలు, 4బి ఇతర వల్కల ప్రాంతాలకు, 5వ పొర సుపీరియర్ కాలిక్యులస్ వంటి లోతైన భాగాలకు, 6వ పొర తిరిగి ఎల్‌జీఎన్‌కు పంపుతాయి.

తర్వాత స్తంభాలు, అంటే ఒకే తరహా ఇష్టం ఉన్న కణాల నిలువు వరుసలు. 1958లో జాన్స్ హాప్కిన్స్‌లో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజల్ పిల్లి వి1లో ఒక కణం విద్యుత్ సంకేతాలను ఎలక్ట్రోడుతో గంటల తరబడి వింటున్నారు. గాజు పలక మీది నల్లచుక్కకు ఆ కణం సరిగా స్పందించలేదు. పలకను ప్రొజెక్టరులోకి దోపుతున్న క్షణంలో మాత్రం అది ఒక్కసారిగా విజృంభించింది. దాన్ని కదిలించింది చుక్క కాదు, తెర మీద కదిలిన పలక అంచు నీడ, అదీ ఒక నిర్దిష్టమైన వాలులో ఉన్నప్పుడే. ఆ దారిలో సాగిన పనిని వాళ్ళు 1968 నాటికి కోతిలోనూ చూపారు. 1981లో నోబెల్ బహుమతిలో సగం ఇద్దరూ పంచుకున్నారు.

ఎలక్ట్రోడును వల్కలంలోకి నిటారుగా దించుతూ పోతే, ఎదురయ్యే కణాలన్నీ ఇంచుమించు ఒకే వాలును ఇష్టపడతాయి. ఉపరితలానికి సమాంతరంగా నడిపితే ప్రతి 0.05 మిల్లీమీటర్లకు వాలు సుమారు 10 డిగ్రీలు మారుతుంది. పైనుంచి చూస్తే వాలులన్నీ కొన్ని బిందువుల చుట్టూ తిరుగుతూ అమరి ఉంటాయి. ఈ క్రమం వల్కలానికి అనివార్యం కాదన్నది గమనించదగ్గ విషయం: ఎలుకల్లో వాలును గుర్తించే కణాలు ఉన్నాయి గానీ అవి ఏ వరుసా లేకుండా కలగలిసి ఉంటాయి.

కళ్ళ విషయంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. 4సిలో ఎడమ కంటి పోగులూ కుడి కంటి పోగులూ వేర్వేరు పట్టీలుగా, రీసస్ కోతిలో ఒక్కోటి సుమారు అర మిల్లీమీటరు వెడల్పుతో, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మనిషిలో వెడల్పు దాదాపు రెట్టింపు. రెండు కళ్ళ సమాచారం నిజంగా కలిసేది ఆ పై పొరల్లో. ఈ పట్టీలకు హైదరాబాద్‌లో రోజూ జరిగే వైద్యంతో సూటి సంబంధం ఉంది. కోతిపిల్లకు తొలినాళ్ళలో ఒక కన్ను మూసి ఉంచితే ఆ కంటి పట్టీలు కుంచించుకుపోయి, తెరిచిన కంటి పట్టీలు విస్తరిస్తాయని హ్యూబెల్, వీజల్ చూపారు. పెద్దయ్యాక మూస్తే పట్టీలకు అలాంటి మార్పు రాలేదు. పుట్టుకతో వచ్చిన శుక్లాన్ని తొలి వారాల్లోనే తొలగించాలని వైద్యులు తొందరపెట్టడానికి కారణం ఇదే. మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రిలోనైనా, బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనైనా బాగున్న కంటిని మూసి ఉంచే గుడ్డపట్టీ వేయించుకున్న పిల్లవాడు కనిపిస్తే, ఆ చికిత్స గురి కన్ను కాదని, వల్కలమని గుర్తించండి.

అయిదో మెట్టు: వి2, వి3 సరిహద్దులను పటమే చెప్పనివ్వండి

వి1 దాటాక జెన్నారి చార లాంటి స్పష్టమైన గుర్తు లేదు. మరి సరిహద్దు ఎక్కడో ఎలా తెలుస్తుంది? పటం వెనక్కి తిరిగే చోటును వెతకాలి. వి1లో గాడి అడుగు నుంచి గట్టు అంచువైపు నడిస్తే చూపు క్షేత్రంలో అడ్డగీత నుంచి నిలువు గీతవైపు ప్రయాణిస్తున్నట్టు లెక్క. నిలువు గీతను చేరగానే వి1 అయిపోతుంది. ఇంకా అదే దిశలో నడిస్తే పటం వెనక్కి మళ్ళి, నిలువు గీత నుంచి అడ్డగీతవైపు సాగుతుంది: అది వి2. అడ్డగీత దగ్గర మళ్ళీ తిరుగుతుంది: అక్కడి నుంచి వి3. మనుషుల్లో, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో రక్తప్రవాహాన్ని బట్టి చూపే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ స్కానర్‌లో పడుకోబెట్టి, తెర మీద మెల్లగా తిరిగే విసనకర్ర ఆకారాన్నీ, విస్తరించే వలయాన్నీ చూపించి 1990ల నుంచి ఇదే పద్ధతిలో సరిహద్దులు గీస్తున్నారు. మీ కాగితం మీద వి1కు పైనా కిందా రెండేసి పట్టీలు గీసి, పైవాటికి ఎడమ కిందిభాగం రంగును, కిందివాటికి ఎడమ పైభాగం రంగును వేయండి. వి2, వి3 ఇలా పైనొక సగం, కిందొక సగంగా చీలి ఉంటాయి. చదువరిని ఎక్కువగా తికమకపెట్టే అంశం ఇదే, కాబట్టి రంగులు సరిగా పడేదాకా ముందుకు వెళ్ళవద్దు.

వి2లో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ రంగు వేస్తే సన్నని, మందపాటి, పాలిపోయిన చారలు కనిపిస్తాయి. సన్నని చారలకు రంగుతో, మందపాటివాటికి రెండు కళ్ళ మధ్య స్వల్ప తేడా వల్ల తెలిసే లోతుతో సంబంధం ఎక్కువ. బొమ్మలో నిజంగా గీయని అంచు మనకు ఉన్నట్టు తోచినప్పుడు, ఆ లేని అంచుకు స్పందించే కణాలు వి2లో ఉన్నాయని 1984లో ఫాన్ డెర్ హైట్, ఆయన సహచరులు కోతిలో కనుగొన్నారు.

ఆరో మెట్టు: ఇప్పుడు పేర్లు చేర్చండి

ఎమ్‌టి ప్రాంతం కోతిలో సుపీరియర్ టెంపోరల్ గాడిలో ఉంటుంది, 1971లో వెలుగులోకి వచ్చింది. వి1లోని 4బి పొర నుంచి నేరుగా దానికి దారి ఉంది. అందులోని కణాలు దిశను ఎంచుకుంటాయి. ఒక్కో కణం చూసే క్షేత్రం, అదే చోట వి1 కణం చూసేదానికి దాదాపు పది రెట్లు వెడల్పు. అక్కడ సన్నని విద్యుత్తు ప్రసరింపజేస్తే, కదిలే చుక్కల దిశ గురించి కోతి ఇచ్చే తీర్పే ఆ కణాలు ఇష్టపడే దిశకు మొగ్గుతుందని న్యూసమ్ బృందం 1990లో చూపింది. ఆ చుట్టుపక్కల రెండువైపులా దెబ్బతిన్న ఒక మహిళ గురించి 1983లో ప్రచురితమైంది: కప్పులోకి పోస్తున్న టీ ఆమెకు గడ్డకట్టినట్టు కనిపించేది, దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి దగ్గర ప్రత్యక్షమయ్యేది.

వి4లో రంగు, ఒంపులు, ఆకారపు ముక్కలు. దాని ముందు, కణత అడుగుభాగంలో ఇన్‌ఫీరియర్ టెంపోరల్ వల్కలం. అక్కడి కణాల క్షేత్రాలు పెద్దవి, చాలావరకు చూపు మధ్యభాగాన్ని కలుపుకొని నిలువు గీతకు అటూ ఇటూ పరుచుకుంటాయి. 2006లో త్సావో, ఆమె సహచరులు కోతిలో ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐతో గుర్తించిన ఒక ముఖాల తావులోకి ఎలక్ట్రోడు దించితే, దొరికిన కణాలు దాదాపు అన్నీ ముఖాలకే స్పందించాయి.

ఇక్కడికి వచ్చాక మాత్రమే 1982లో అంగర్‌లైడర్, మిష్కిన్ ప్రతిపాదించిన రెండు ప్రవాహాల బొమ్మను కలపండి: పైకి పార్శ్వ తమ్మె (పెరైటల్ లోబ్) వైపు సాగేది చోటుకు, కిందికి కణతవైపు సాగేది గుర్తింపుకు. గుడేల్, మిల్నర్ 1992లో పై ప్రవాహం పనిని చేయి చాచి వస్తువును అందుకోవడం లాంటి చర్యలకు ముడిపెట్టారు. ఈ బొమ్మ పనికొచ్చేదే. అయితే రెండు ప్రవాహాల మధ్య అడ్డంగా దారులు ఎన్నో ఉన్నాయి, అందుకే దీన్ని మొదట్లోనే నేర్పడం నాకు సమ్మతం కాదు. ఫెల్లెమాన్, వాన్ ఎసెన్ 1991లో రీసస్ కోతి వల్కలంలో చూపుకు సంబంధించిన 32 ప్రాంతాలను, వాటి మధ్య 305 దారులను లెక్కగట్టారు.

ఏడో మెట్టు: వెనక్కి వచ్చే బాణాలు

ఆ దారుల్లో అత్యధికం రెండువైపులా నడుస్తాయి. ఏది ముందుకు, అంటే వి1 నుంచి తర్వాతి ప్రాంతాలకు, వెళ్ళేది, ఏది వెనక్కి వచ్చేది అన్నది పొరలను బట్టి తేలుతుంది: ముందుకు సాగే పోగులు ఎక్కువగా 4వ పొరలో ముగుస్తాయి, వెనక్కి వచ్చేవి 4వ పొరను తప్పించి దానికి పైనా కిందా ముగుస్తాయి. రాక్‌లాండ్, పాండ్య 1979లో వెల్లడించిన ఈ సూత్రమే పై లెక్కకు ఆధారం. ఎల్‌జీఎన్ నుంచి వచ్చే పోగుల వాటా 4సిలోని సినాప్సుల్లో, అంటే కణాల మధ్య కలయిక చోట్లలో, పదోవంతుకు మించదు. మిగతావి వల్కలం లోపలివే ఎక్కువ. మీ కాగితం మీద ప్రతి ముందుకు బాణం పక్కన ఒక వెనుక బాణం కూడా గీయండి.

ఎనిమిదో మెట్టు: పటాన్ని పరీక్షకు పెట్టండి

పూర్తయిన కాగితాన్ని ముందు పెట్టుకుని, సమాధానం చూడకుండా కింది కేసులు చేయండి. రెండు కళ్ళలోనూ ఎడమ కిందిభాగం మాత్రమే పోయిన రోగికి దెబ్బ కుడి కాల్కరైన్ గాడి పై గట్టులో తగిలి ఉండే అవకాశం ఎక్కువ. ఒకే కంటిలో చూపు పోయి, రెండోది పూర్తిగా బాగుంటే సమస్య కయాజమ్‌కు ముందే ఉంది, వల్కలాన్ని అనుమానించనక్కరలేదు. రెండు కళ్ళలో బయటివైపు సగాలు పోతే కయాజమ్ దగ్గరే, తరచుగా పిట్యూటరీ కణితి వల్ల, ఒత్తిడి పడుతోంది. కుడి సగమంతా పోయినా నడిమధ్యన కొన్ని డిగ్రీలు మిగిలితే, ఎడమ పోస్టీరియర్ సెరిబ్రల్ ధమని మూసుకుపోయి, వెనుక కొసకు మాత్రం మిడిల్ సెరిబ్రల్ ధమని కొమ్మల నుంచి కూడా రక్తం అంది ఉంటుంది. మూడో మెట్టులో గడియారాన్ని ఆ కొస దగ్గర ఎందుకు పెట్టామో గుర్తుంటే ఇది వెంటనే స్ఫురిస్తుంది.

ఆఖరి కేసుకు మీ పటం ఇంకా చాలదు. వి1 పాడైన వైపు తనకేమీ కనిపించదని చెప్పే రోగి, ఊహించి చూపించమని అడిగితే అక్కడి వెలుగు చుక్క వైపు యాదృచ్ఛికం కంటే చాలా మెరుగ్గా వేలు చూపగలగడాన్ని లారెన్స్ వైస్‌క్రాంట్జ్, ఆయన సహచరులు 1974లో నమోదు చేశారు. దీన్ని వివరించాలంటే వి1ను తప్పించుకుని వెళ్ళే దారులు కావాలి: రెటీనా నుంచి సుపీరియర్ కాలిక్యులస్‌కు, అక్కడి నుంచి థలామస్‌లోని పుల్వినార్ మీదుగా వల్కలానికి ఒకటి, ఎల్‌జీఎన్‌లోని కొద్దిపాటి కణాల నుంచి, ముఖ్యంగా కోనియో పొరల నుంచి, సూటిగా ఎమ్‌టికి మరొకటి. ఈ రెంటినీ సన్నని చుక్కల గీతలతో గీసి, ఒక్కోటి ఏ పొర నుంచి బయలుదేరుతుందో పక్కన రాయండి.